గోడకు చెమట పట్టిన రోజు

ఆ గోడ మీద నూట నలభై ముగ్గురు మనుషులున్నారు. ఆడవాళ్ళు అరవై ఒక్కరు, మగవాళ్ళు యాభై నలుగురు, పిల్లలు ఇరవై ఎనిమిది మంది. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి ఒక చోట అనుమానం వచ్చింది, అది తల్లి కొంగు మడతా, చంటిపిల్ల తలా అని. నిచ్చెన వేసుకుని దగ్గరగా చూసి, పిల్లే అని రాసుకున్నాను.

మరాఠీ గడ్డ మీద, బొగ్గు గనుల పక్కన బాబుపేట్‌లో మా తెలుగు సంఘం చర్చి అది. వేదిక వెనక గోడ నిండా ఒకటే బొమ్మ. ప్రభువు రొట్టెలు పంచుతుంటాడు, జనం గడ్డి మీద కూర్చుని ఉంటారు. అయితే ఆ రొట్టెలు జొన్నరొట్టెలు. ఆ జనం చీర బిగించి కట్టి, బొగ్గు తట్టలు పక్కన దించుకుని కూర్చున్న మా వాళ్ళు. గనిలో బోర్డులకు అంకెలు రాసే పనివాడొకడు, ఎనభై ఏళ్ళకు ముందు, సున్నపు పూత మీద సరేసు జిగురు కలిపిన రంగులతో వేశాడని పెద్దలు చెప్తారు. గని మూతి దగ్గర కూర్చుని, పనికి వచ్చిపోయే మనుషుల ముఖాలనే గీశాడట. కాగితం మీద ఆధారం ఎక్కడా లేదు కనుక నేను అవుననీ అనను, కాదనీ అనను. పాత కుటుంబాలు మాత్రం గట్టిగా నమ్ముతాయి. ఒక్కో ఇంటికి గోడ మీద ఒక మనిషి ఉంటారు. ఆమె మా నాయనమ్మ, ఆ గడ్డపాయన మా తాత అని వేలు పెట్టి చూపిస్తారు. కొత్తగా పెళ్ళైన జంట తమ మనిషి కింద నిలబడి బొమ్మను తాకుతుంది. పరీక్షకు వెళ్ళే పిల్లలు తాకుతారు. గనిలో మొదటి షిఫ్టుకు వెళ్ళేవాడు టిఫిన్ డబ్బా కింద పెట్టి తాకి వెళ్తాడు.

మా ఇంటికి గోడ మీద ఎవరూ లేరు. మా నాన్న బొమ్మ వేసిన చాలా ఏళ్ళకు కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. అందుకేనేమో, అందరూ తమ మనిషిని చూసుకుంటున్నప్పుడు నేను మొత్తం ఎందరో లెక్కపెట్టాను.

నా భార్య వాళ్ళకు ఉంది. కింది వరుసలో ఎడమ నుంచి ఏడో ఆమె. మా అత్తమ్మ వాళ్ళ తల్లి. అత్తమ్మకు ఐదేళ్ళు నిండకముందే ఆమె పోయింది. ఫోటో దిగలేదు. అత్తమ్మకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఆమెకు తల్లి ముఖమంటే ఆ గోడ మీద ఉన్న నాలుగు అంగుళాల రంగే. ఆ ముఖం సరిగ్గా ఆమె భుజం ఎత్తులో ఉంటుంది. ప్రతి ఆదివారం ఆరాధన అయిపోయాక మెల్లగా నడిచి వెళ్ళి ఆ బుగ్గ మీద అరచెయ్యి ఆనించేది. చంటిపిల్లకు జ్వరం చూసినట్టు చూసేది. తర్వాతే చెప్పులు వేసుకునేది.

నేను భూగర్భ గనిలో గాలి విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, నిరుడు నా అంతట నేనే ఉద్యోగం వదిలి బయటికి వచ్చేశాను. చదివింది మరాఠీ బడిలో పదో తరగతి. తెలుగు అక్షరాలు అమ్మ పాటల పుస్తకంలో నేర్పింది. లెక్కలు ఎవరూ నేర్పలేదు. గనిలో ఒక పరికరం ఉండేది. ఒకే చట్రంలో రెండు థర్మామీటర్లు, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ. పిడి పట్టుకుని గిరగిరా తిప్పి, రెండింటి మీదా అంకెలు చూడాలి. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డది బాగా దిగుతుంది, చెమ్మగా ఉంటే దిగదు. రెండింటి తేడా నుంచి గాలిలో చెమ్మ ఎంత శాతమో తేలుతుంది. ఆఫీసరు దగ్గర అచ్చు పట్టిక ఉండేది. నాకు ఇవ్వకపోతే, ఒక చలికాలమంతా కూర్చుని నా సొంత పట్టిక గ్రాఫు పుస్తకంలో తయారుచేసుకున్నాను. ఇంట్లో కూడా ఒక పరికరం చేసుకున్నాను, రెండు థర్మామీటర్లు, పాత బనీను గుడ్డ. నా భార్య దాన్ని గిలక అంటుంది.

చర్చి గోడకు బూజు పట్టిందని తెలిసినప్పుడు సంఘం పెద్ద నన్నే పిలిచాడు. ఆయన పద్మాపూర్ గనిలో డంపర్ లారీ నడిపి రిటైరైన మనిషి. ఏ పనైనా ఒక్క దెబ్బతో అయిపోవాలంటాడు.

"ఏమయ్యా లెక్కలోడా, గాలి సంగతి నీకెర్కనే గద. గోడకేమైందో జెప్పు. లేకుంటే టైల్స్ ఏసేద్దాం. తెల్ల టైల్స్, తుడిస్తె పోతది, పీడ వదుల్తది."

"బొమ్మ ఏమైతది మరి?"

"బొమ్మనే కదయ్యా పీడ. ముంగటి బెంచీల కూసునే ముసలోల్లందరు దగ్గుడే. పిల్లలు తుమ్ముడే."

ఆ మాటలో నిజం లేకపోలేదు. బూజు పొడి గాలిలో తేలి ఊపిరిలోకి వెళ్తుంది. మా ముందు బెంచీల వాళ్ళ ఊపిరితిత్తులు ఎప్పుడో బొగ్గుకు ఇచ్చేసినవి. చివరికి సంఘం ఒక మాట మీదికి వచ్చింది. పాత గోడబొమ్మలు బాగుచేసే ఆవిడ ఒకరు నాగ్‌పూర్‌లో ఉన్నారని ఎవరో చెప్పారు. ఆమెను పిలవడం, క్రిస్మస్ నాటికి గోడ బాగుపడితే సరే, లేకపోతే టైల్స్.

ఆవిడ జూన్‌లో వచ్చింది. నడివయసు మరాఠీ మనిషి, నన్ను భావూ, అంటే అన్నా, అని పిలిచేది. ముక్కుకు గట్టి మాస్కు కట్టుకుని, టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుంది. ఎదురుగా చూస్తే మురికి మరకలా కనిపించేది, పక్క వెలుగులో బూడిదరంగు నూగులా లేచింది. వెంట్రుకల వంటి నూగు. 

అప్పుడే అత్తమ్మ లోపలికి వచ్చింది.

"ఎవలీమె? మా అవ్వ మొఖం మీద టార్చి కొడ్తున్నది?" అవ్వ అంటే ఆమె మాటలో అమ్మ.

"బూజు చూస్తున్నది అత్తమ్మా."

"బూజైతే చీపురు పట్టి దులుపాలె గాని, గట్ల కండ్లల్ల లైటు కొడ్తరా?"

నేను ఆ మాటను మరాఠీలో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చీపురు తగిలితే ఆ పొడి గది అంతా విత్తినట్టు చల్లుకుంటుందని, తుడిస్తే రంగు కూడా గుడ్డతోపాటే వస్తుందని చెప్పింది. సరేసు జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే జిగురు, అది బూజుకు తిండి. పక్క గోడలకు ఏటా సున్నం వేసేటప్పుడు బట్టలకు అంటకుండా గంజి కలుపుతామని సంఘం పెద్ద గొప్పగా చెప్పాడు. ఆవిడ నా వైపు తిరిగి, "భావూ, వీళ్ళు గోడకు అన్నం పెడుతున్నారు" అంది.

తర్వాత రెండు రోజులు నేను నిచ్చెన మీదే ఉన్నాను. ఎవరి మీద బూజు ఉందో, ఎవరి మీద లేదో రాసుకున్నాను. మా వాళ్ళు తమ మనుషులని చెప్పుకునే బొమ్మలు ముప్పై ఎనిమిది. వాటిలో ముప్పై ఒకదాని మీద బూజు ఉంది. ఎవరూ అడగని మిగతా నూట ఐదింటిలో తొమ్మిదింటి మీదే. ఈ లెక్క ఆవిడకు చూపించాను. చాలాసేపు చూసింది. తాకిన చోట చేతి నూనె, తలనూనె గోడకు పడుతుంది, అక్కడే బూజు మొదలవుతుంది అంది. నేను కనిపెట్టిన లెక్క కదా అని నాకు లోలోపల గర్వంగా ఉంది. ఆ గర్వంలోనే అత్తమ్మకు తెలుగులో చెప్పేశాను.

"ఎక్కువ ఎవరిని ముట్టుకున్నారో వాళ్ళకే ఎక్కువ పట్టింది అత్తమ్మా. చేతి నూనె బూజుకు తిండి అట."

ఆమె కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాతి ఆదివారం ఆమె వచ్చినప్పుడు నూనె లేక తల ఎండిపోయి, తెల్ల జుట్టు పీచులా లేచి ఉంది. గోడ దగ్గరికి వెళ్ళలేదు. చివరి బెంచీలో కూర్చుంది.

జులైలో పని సాగింది. కింది వరుసలో తొమ్మిది ముఖాల మీద రంగు పొలుసులుగా లేచి ఉంది. ఆవిడ ఆ ముఖాల మీద ఉల్లిపొర వంటి కాగితాన్ని పల్చటి జిగురుతో అతికించింది. ఆ కాగితం రంగును పట్టి ఉంచుతుంది, వెనక గోడ బాగుపడ్డాక తీసేయాలి. ఏడో ఆమె ముఖం కూడా ఆ తొమ్మిదిలో ఒకటి. ఇందులో ఒక ప్రమాదం ఉందని ముందే చెప్పింది. కాగితం కింద చెమ్మ నిలిచి బూజు లేస్తే, తీసేటప్పుడు రంగు గోడతో కాక కాగితంతో వచ్చేస్తుంది.

ఆదివారం ఆరాధనను వెనక రేకుల షెడ్డుకు మార్చారు. మార్చకముందు ఒక ఆదివారం నేను గిలక తిప్పి చూశాను. తొంభై మంది లోపల ఉండి రెండు పాటలు పాడేసరికి తడిగుడ్డ అంకె ఒక డిగ్రీ పైకి వెళ్ళింది. ప్రసంగంలో పెద్దగా పెరగలేదు. పాటల్లోనే పెరుగుతుంది. ఇది చెప్తే సంఘం పెద్ద, "అయితే పాటలు బంద్ చేద్దామా? ఫాస్టరు గారి ప్రసంగం ఒక్కటే ఉంటె, బూజు గూడ నిద్రపోతది" అన్నాడు.

ఆగస్టులో ఆవిడ వేరే పని మీద నాలుగు రోజులు నాగ్‌పూర్ వెళ్ళింది. వెళ్తూ, రోజుకు నాలుగుసార్లు లెక్క తీయమంది. కిటికీల విషయంలో ఏం చేయాలన్నా ముందు తనకు ఫోన్ చేయమంది. సరేనన్నాను.

చర్చికి పన్నెండు కిటికీలు. మా వాళ్ళు వాటిని ఎప్పుడూ తెరవరు. తెరిస్తే బొగ్గు దుమ్ము, బూడిద వచ్చి బెంచీల మీద పడుతుంది. నాకు అది ఎప్పుడూ నచ్చేది కాదు. గనిలో ముప్పై ఏళ్ళు నేను నేర్చుకున్నది ఒకటే. గాలి ఆడితే మనిషి బతుకుతాడు. వాసన వచ్చినా, ఉక్క పోసినా, గ్యాస్ చూపించినా, మొదట చేసేది గాలి పెంచడం. నిలవగాలిని చూస్తే నాకు కాళ్ళు నిలవవు.

ఐదు రోజులు వాన పట్టు వదలలేదు. ఆరో రోజు పదకొండు గంటలకు ఒక్కసారిగా ఎండ కాసింది. బాబుపేట్ అంతా బట్టలు, గొంగళ్ళు, పరుపులు బయటికి వచ్చాయి. నేను చర్చికి వెళ్ళి లెక్క తీశాను. లోపల ఇరవై ఆరు, తడిగుడ్డ ఇరవై ఐదు. అంటే తొంభై రెండు శాతం. బయటికి వచ్చి తిప్పాను. ముప్పై రెండు, తడిగుడ్డ ఇరవై ఎనిమిదిన్నర. డెబ్బై ఏడు శాతం. రెండుసార్లు తిప్పాను, పట్టికలో రెండుసార్లు చూశాను. లోపల తొంభై రెండు, బయట డెబ్బై ఏడు. పదిహేను శాతం తేడా. ఇంతకంటే స్పష్టమైన లెక్క నేను చూడలేదు. ఫోన్ జేబులోనే ఉంది. తియ్యలేదు. కూడిక తెలిసినవాడు రెండూ రెండూ ఎంతని ఎవరినీ అడగడు, నాకు ఆ క్షణంలో అట్లాగే ఉంది.

సంఘం పెద్ద గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "దుమ్మొస్తది రా బాబు, తెరువకు" అన్నాడు.

"వానకు దుమ్మంత కూసున్నది. గాలి ఆడాలె" అన్నాను.

"నీ ఇష్టం. మళ్ళ నన్ననొద్దు."

పన్నెండు కిటికీలూ తెరిచాను. తలుపులు రెండూ తెరిచి ఇటుకలు అడ్డం పెట్టాను. షెడ్డులోంచి రెండు నిలువు ఫ్యాన్లు తెచ్చి గోడ వైపు తిప్పాను. గాలి లోపలికి వస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను.

మూడున్నరకు తిరిగి వచ్చేసరికి చర్చిలో వేడిగా, ఉక్కగా ఉంది. గోడ నల్లబడి ఉంది. ముందు నీడ అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. ప్రభువు చేతి నుంచి కింది వరుస దాకా గోడంతా సన్నటి నీటి చుక్కలు. చల్లటి నీళ్ళ చెంబు బయట పెడితే పైన పట్టినట్టు. తొమ్మిది కాగితాలూ నానిపోయి పారదర్శకంగా అయ్యాయి. వాటి వెనక ముఖాలు ఎన్నడూ లేనంత స్పష్టంగా, తడిగా, రంగుగా కనబడ్డాయి. అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. 

ఫోన్ చేశాను. ఆవిడ లెక్కలు అడిగింది, చెప్పాను. ఒక్క మాటే అడిగింది.

"భావూ, గోడ ఎంత ఉంది?"

గోడ వేడిని కొలిచే పిస్తోలు వంటి పరికరం ఆమె తనతో తీసుకువెళ్ళింది. కానీ ఒక థర్మామీటరు గోడకు ఆనించి పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. నాకు తోచలేదు. గనిలో నేను గాలినే కొలిచాను, గోడను ఎవరు కొలిచారు?

"కొలవలేదు మేడం."

 ఆవిడ వెంటనే కిటికీలు మూయమంది, ఫ్యాన్లను గోడ వైపు నుంచి తిప్పేయమంది, రేపు తెల్లవారి బస్సుకు వస్తానంది.

కిటికీలు మూసి బెంచీ మీద కూర్చుని నేను మళ్ళీ లెక్క చేశాను. ఈసారి శాతం కాదు. ఆ గాలిని ఎంత చల్లబరిస్తే నీరు కక్కుతుంది అన్నది. నా పుస్తకంలో దాన్ని చెమట డిగ్రీ అని రాసుకుంటాను. బయటి గాలికి అది ఇరవై ఏడు దాటింది. ఐదు రోజుల వానకు చల్లబడ్డ ఆ లావు గోడ ఇరవై ఐదు, థర్మామీటరు ఆనించి అప్పుడు చూశాను. లోపలి పాతగాలి చెమట డిగ్రీ ఇరవై నాలుగున్నర. అంటే నేను కిటికీలు తెరవకుంటే ఆ గోడకు ఒక్క చుక్క కూడా పట్టేది కాదు. అర డిగ్రీ ఎడంతో అది క్షేమంగా ఉంది. వెచ్చటి గాలి శాతంలో తక్కువ చూపించినా, ఎక్కువ నీళ్ళు మోస్తుంది. ఈ మాట నాకు తెలియనిది కాదు. నా పట్టికలోనే ఉంది. నేను ఆ వరుస చూడలేదు, అంతే.

మూడో రోజుకు వాసన వచ్చింది. తడిసిన గోనెసంచుల వాసన. నాలుగో రోజు తొమ్మిది కాగితాల్లో మూడింటి కింద బూడిద చుక్కలు లేచాయి. ఏడో ఆమె చెంప దగ్గర అన్నిటికంటే ఎక్కువ. ఆవిడ స్పిరిట్‌లో కొంచెం నీళ్ళు కలిపి బొట్టు బొట్టుగా కాగితం మీద అద్దింది. ఇప్పుడు తీయడానికి లేదు, గాలి పొడిబారాక, దీపావళి దాటాక తీద్దాం అంది. రంగు నిలుస్తుందా అని అడిగాను. "తీస్తేనే తెలుస్తుంది" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత కుదురుకునేవాడినేమో. తన గోడ పరికరాన్ని మాత్రం నా చేతిలో పెట్టి వెళ్ళింది.

ఇక నాకు కాలు ఒక చోట నిలవలేదు. నాలుగుసార్లు తీయమన్న లెక్క ఎనిమిదిసార్లు తీశాను. బల్లార్‌పూర్ పక్కన బామ్నిలో మా మేనకోడలి పెళ్ళి. పందిట్లో కూర్చుని తాళి కట్టే సమయానికి లేచి, మోటార్‌సైకిల్ మీద వచ్చి గోడ చూసుకుని మళ్ళీ వెళ్ళాను. వెళ్ళేసరికి భోజనాలు అయిపోయాయి. నా భార్య అందరి ముందే అంది.

"వచ్చిండమ్మా గోడకు మొగుడు. దానికి జరం తగ్గిందా, లేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె అన్న దానికి నాకు నవ్వు వచ్చింది కానీ, పందిట్లో మూల కుర్చీలో అత్తమ్మ నవ్వకపోవడం చూశాను. ఆమె తల అట్లాగే ఎండిపోయి ఉంది.

ఎందుకో నాకు అప్పటికే తెలుసు. సంఘంలో అందరూ, బూజు మళ్ళీ లేవడానికి కారణం చేతులే అనుకున్నారు. నా ముప్పై ఒకటి, ముప్పై ఎనిమిది లెక్క అందరి నోళ్ళలోనూ తిరిగింది. ఎక్కువ తాకింది ఎవరంటే, ఏడో ఆమెను తాకిన మా అత్తమ్మ. ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. ఆమెకే అర్థమైంది. నేను కిటికీలు తెరవడం సంఘం పెద్ద చూశాడు, అయినా దుమ్ము పడుతుందనే ఆయన భయం, నీళ్ళు పడతాయని కాదు. అసలు సంగతి ఇద్దరికే తెలుసు, నాకూ, నాగ్‌పూర్ ఆవిడకూ. అడగనప్పుడు చెప్పకపోవడం అబద్ధం కాదని నేను ఎన్ని విధాలుగా లెక్కవేసుకున్నా శేషం మిగులుతూనే ఉంది.

సెప్టెంబర్ చివర ఒక సాయంత్రం అత్తమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ రోజు లోపల ఇరవై ఆరు ఉండె. బయట ముప్పై రెండు..."

"నాకు నంబర్లు జెప్పకు అల్లుడా. ఏమైందో జెప్పు."

"కిటికీలు నేను తెరిచిన. బయటి గాలి నీళ్ళు మోసుకొచ్చి గోడ మీద పోసింది. కాయితం కింద బూజు లేసింది అందుకే. నీ చెయ్యి వల్ల కాదు."

ఆమె చేట కింద పెట్టింది.

"నా చెయ్యి వల్ల కాదా?"

"ముందటిది కొంత చేతుల వల్లనే. అందరి చేతులు. కాని ఇప్పటిది నా వల్ల. నూనె తిండి అనుకో, నీళ్ళు లేకుంటే ఉత్త తిండితోని అది లేవదు. నీళ్ళు నేనిచ్చిన."

"ఎన్ని దినాలైతుంది?"

"నెల దాటింది."

"నెల! ఈ నెల దినాలు గూడ నెత్తికి సుక్క నూనె లేక, దురద వట్టి, గోక్కుంట, గోక్కుంట... రాత్రిళ్ళు లేసి మా అవ్వకు నేనే మన్ను గొట్టిన్నని ఏడ్సుకుంట... నువ్వు పుస్తకం పట్టుకోని నా ముంగటనే తిరుగుడు? నీకు ఎన్కనించి ముంగటికి లెక్కలొస్తయి గాని, ఒక్క మాట జెప్పనీకె నోరు రాదా?"

"తప్పయింది అత్తమ్మా."

"తప్పా! ఆ గిలక నా చేతికియ్యి, పొయిల వెడ్త."

ఆమె నిజంగానే చెయ్యి చాపింది. నేను ఇచ్చేశాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుడ్డ చుట్టిన బుడ్డిని వేలితో తడిమి, ఎందుకో పొయ్యిలో పెట్టలేదు. బియ్యం చేట పక్కన పెట్టింది.  తర్వాత లోపలి గదిలోని చిన్న కూతురిని కేక వేసి నూనె సీసా తెమ్మంది. మళ్ళీ నాతో అంది, "సంఘంల గూడ జెప్పు. పెద్దాయనకు నువ్వే జెప్పు. నేను జెప్తె, అల్లుని ఎన్కేసుకొస్తున్ననంటరు."

ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ రేకుల షెడ్డులో లేచి నిలబడ్డాను. మామూలుగా ఆ సమయంలో జబ్బు తగ్గిందనీ, ఉద్యోగం దొరికిందనీ చెప్తారు. నేను కిటికీల సంగతి చెప్పాను. అంకెలు లేకుండా చెప్పడం నాకు చేతకాలేదు, రెండు మూడు చెప్పాను. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "నేను జెప్పిన గద, తెరువకు అని" అన్నాడు. ఆయన చెప్పింది వేరే కారణానికి. అయినా ఆ రోజు ఆయన చెప్పిందే సరి.

దీపావళి వెళ్ళిన రెండో వారంలో ఆవిడ కాగితాలు తీసింది. వెచ్చటి నీళ్ళలో ముంచి బాగా పిండిన దూదితో అంచులు తడిపి, చిన్న పట్టకారుతో, ఒక్కో కాగితానికి గంటకు పైగా. మొదటి ఆరు శుభ్రంగా వచ్చాయి. మరో రెండింటికి నువ్వుగింజంత రంగు అంటింది. ఏడో ఆమెది చివరికి ఉంచింది. అత్తమ్మ వేదిక ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కాగితం నుదుటి దగ్గర నుంచి మెల్లగా దిగింది. నుదురు వచ్చింది. కళ్ళు రెండూ ఉన్నాయి. ముక్కు దూలం దాకా ఉంది. అక్కడ ఆవిడ చెయ్యి ఆగింది. మళ్ళీ తడిపింది, ఆగింది, మళ్ళీ తడిపింది. ముక్కు కింద నుంచి గడ్డం దాకా రంగు కాగితంతోనే వచ్చేసింది. గోడ మీద తెల్లటి సున్నం మిగిలింది.

 ఆవిడ నా వైపు చూడలేదు. కాగితాన్ని అద్దం పలక మీద పరిచింది. అందులో పెదవులు తలకిందులుగా ఉన్నాయి.

మొదట నోరు తెరిచింది సంఘం పెద్దే, టైల్స్ మాట మాత్రం ఎత్తలేదు. "ఏం ఫికర్ లేదు. బోర్డులు రాసే మంచి పెయింటర్ ఉన్నడు నాకు. మూతి పెట్టిస్త. సినిమా హీరోయిన్ లెక్క పెడ్తడు."

"నీ పెండ్లానికి పెట్టియ్యి" అంది అత్తమ్మ.

ఆవిడ కూడా కొత్త ముఖం గీయనని చెప్పింది. పోయిన చోట మట్టిరంగు కలిపిన సున్నం నింపుతుంది, దూరం నుంచి కంటికి గుచ్చుకోకుండా, అంతే. లేనిదాన్ని ఉన్నట్టు చేయడం తన పని కాదంది.

అత్తమ్మ కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉంది. చాలాసేపు చూసింది.

"ఎంత పోయింది అల్లుడా?"

నేను అప్పటికే గ్రాఫు గీసిన పారదర్శక కాగితం పెట్టి కొలిచాను. "పద్నాలుగు చదరపు సెంటీమీటర్లు."

"నాకు తెల్సేటట్టు జెప్పు."

"అగ్గిపెట్టె కంటె కొంచెం తక్కువ."

"బొగ్గు దుమ్ము లేస్తె కొంగు గిట్ల మూతికి అడ్డం పెట్టుకుంటుండ్రి అందరు" అంది ఆమె, తన కొంగును ముక్కు దాకా లాగి చూపిస్తూ. "గట్లున్నది. కండ్లు కనవడ్తున్నయి గద."

నాగ్‌పూర్ ఆవిడకు తెలుగు రాదు, నేను మరాఠీలో చెప్పబోయి సగంలో ఆపేశాను. అత్తమ్మ ఆ మాట నాకోసం అందా, తనకోసం అందా తెలియదు. ఆమె ఏమనుకున్నా నా పుస్తకంలో అది కొంగు కాదు. ఆగస్టు నెల పేజీలో పద్నాలుగు చదరపు సెంటీమీటర్లు అని ఉంది, పక్కన కారణం గడిలో నా పేరు రాసి ఉంది.

ఆ రోజు అందరూ వెళ్ళాక లెక్క తీశాను. గాలి ఇరవై ఏడు, తడిగుడ్డ పంతొమ్మిది. చెమట డిగ్రీ పదిహేనుకు కొంచెం తక్కువ. గోడ ఇరవై నాలుగు. తొమ్మిది డిగ్రీల ఎడం, భయపడాల్సింది ఏమీ లేదు. తాళం వేసి గేటు దాకా వచ్చాను. మళ్ళీ వెనక్కి వెళ్ళి, తాళం తీసి, గోడను ఇంకోసారి కొలిచాను.